మెయిలు ఎవరిది, ఫోను ఎవరిది

ప్రశ్న: మాది గుంటూరులో మిర్చి ఎగుమతి. నాన్నగారు కమీషన్ కొట్టుతో మొదలుపెట్టారు, నేను పదేళ్లుగా చైనాకి, బంగ్లాదేశ్‌కి, శ్రీలంకకి సరుకు పంపుతున్నాను. స్టాఫ్ 14 మంది. యార్డులో కొనేవాళ్లు ముగ్గురు, కోల్డ్ స్టోరేజీలో ఇద్దరు, చెన్నై పోర్టు దగ్గర ఒకరు, మిగతావాళ్లు ఆఫీసులో. మా వెబ్‌సైటు చేసిన కుర్రాడు ఇచ్చిన మెయిల్ ఐడీలు ఉన్నాయిగానీ ఫోన్లలో సరిగా రావు. దాంతో అందరూ సొంత జీమెయిల్ నుంచే పార్టీలకి పంపేస్తున్నారు. తెలిసినాయన ఒకరు గూగుల్ తీసుకోమంటున్నారు, ఆడిటరు గారు మైక్రోసాఫ్ట్ అంటారు, బావమరిది జోహో అంటాడు. ఫోన్లో బాగా పనిచేసేది ఏదో చెప్పండి.
– పేరు వద్దన్న పాఠకుడు, గుంటూరు

జవాబు: మూడూ పనిచేస్తాయి. మీరు రాసినదాంట్లో నా కన్ను ఆగింది ఆ మూడు పేర్ల దగ్గర కాదు, ‘వెబ్‌సైటు చేసిన కుర్రాడు ఇచ్చిన’ అన్నచోట. మీ డొమైను, అంటే మెయిల్ ఐడీలో @ గుర్తు తర్వాత ఉండే మీ కంపెనీ పేరు, ఎవరి పేరు మీద ఉందో ఈ రాత్రికే చూసుకోండి. హూయిజ్ (whois) అని వెతికితే వివరాలు చూపించే సైట్లు బోలెడున్నాయి. అక్కడ పేరు దాచి ఉంటే, డొమైను కొన్న సైటులో లాగిన్ ఎవరి చేతిలో ఉందో ఆ కుర్రాణ్ణే అడగండి. ‘నా దగ్గరే ఉంది సార్, మీకెందుకు టెన్షన్’ అన్నాడంటే అసలు టెన్షన్ అక్కడ మొదలైనట్టు.

ఇది ఊరికే చెప్పడం లేదు. విజయవాడ గవర్నరుపేటలో ముప్పై ఏళ్లుగా ఆఫీసులకి కంప్యూటర్లు, నెట్‌వర్కులు పెట్టిన మనిషిని, ఊళ్లో అందరికీ జాగ్రత్తలు చెప్పినవాణ్ణి, నా కొట్టు డొమైను నేనే పోగొట్టుకున్నాను. మా దగ్గర పనిచేసిన అబ్బాయి తన పేరు మీద కొన్నాడు, తర్వాత బెంగళూరు వెళ్లిపోయాడు. రెన్యువల్ నోటీసులన్నీ అతను ఎప్పుడో వదిలేసిన మెయిల్‌కి వెళ్లాయి. ఓ సోమవారం పొద్దున నుంచి మాకు మెయిళ్లు రావడం ఆగిపోయాయి. మొదటి రెండ్రోజులూ ‘పర్లేదు, పార్టీలు నెమ్మదించాయి’ అనుకున్నాం. మూడోరోజు ఓ కస్టమరు ఫోన్ చేసి ‘మీ ఐడీకి పంపితే తిరిగొచ్చేస్తోందండీ’ అంటే అప్పుడు తెలిసింది. ఆ అబ్బాయి మంచివాడు కాబట్టి పదకొండు రోజుల్లో వెనక్కి వచ్చింది. అందరికీ అంత అదృష్టం ఉండదు.

కాబట్టి డొమైను మీ పేరు మీద, మీ కార్డు మీద, మీ నంబరు మీద ఉండాలి. రెన్యువల్ ఒక్కో ఏడాది కాకుండా కొన్నేళ్లకి ఒకేసారి కట్టేయండి. చాలామంది తప్పేది ఇంకోచోటుంది. డొమైను లాగిన్‌కి అదే డొమైను మీదున్న మెయిల్ ఇస్తారు. డొమైను ఆగితే మెయిల్ ఆగుతుంది, మెయిల్ ఆగితే పాస్‌వర్డు మార్చుకునే దారి కూడా పోతుంది. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తలుపు వేసినట్టు. దానికి మాత్రం మీ సొంత జీమెయిలో మరోటో ఇవ్వండి.

ఇక ఇప్పుడున్న మెయిల్ ఫోన్లో ఎందుకు రావడం లేదో చెప్తాను. ఆఫీసు కంప్యూటర్లో అవుట్‌లుక్ పెట్టి ఉంటారు, అందులో పాప్ అనే పాత పద్ధతి పెట్టి ఉంటారు. అది సర్వర్లో మెయిల్ పడగానే కంప్యూటర్లోకి లాక్కుని, సర్వర్లోది చెరిపేస్తుంది. మీరు చెన్నైలో ఫోన్ తెరిస్తే ఏముంటుంది? ఖాళీ డబ్బా. ఆ కంప్యూటర్ హార్డ్ డిస్కు పోయిందంటే పదేళ్ల మెయిళ్లూ దానితోనే పోతాయి. అకౌంట్ సెట్టింగుల్లో పోర్టు 110 గానీ 995 గానీ కనిపిస్తే అది పాపే. 993 ఉంటే ఐమాప్. ఐమాప్ అయితే సరుకు సర్వర్లోనే ఉంటుంది, కంప్యూటరూ ఫోనూ రెండూ కిటికీలే. కొత్త సర్వీసుకి మారేముందు ఆ కంప్యూటర్లో ఉన్న పాత మెయిళ్లన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేయించండి. ఇది మాత్రం వాయిదా వేయకండి.

ఫోన్ల సంగతి. మీలాంటి స్టాఫే ఉన్న ఓ ఆఫీసులో నేను చేసిన పరీక్ష చెప్తాను, మీరూ చేసి చూడండి. పొద్దున తొమ్మిదీ పదికి ఏడుగురికి ఒకే మెయిల్ పంపాను. ‘మెయిల్ కోసం చూడొద్దు, ఫోన్ మోగితేనే నాకు చెప్పండి’ అన్నాను. నలుగురికి నిమిషంలోపే వచ్చింది. ఒకాయనకి పావుగంట పట్టింది. ఇద్దరికి పదకొండైనా చప్పుడు లేదు, వాళ్లు యాప్ తెరవగానే ధన్‌మని పడింది. అందరిదీ ఒకే సర్వీసు. మరి తేడా ఎక్కడుంది?

పావుగంట ఆయన ఆఫీసు మెయిల్‌ని తనకి అలవాటైన జీమెయిల్ యాప్‌లో ఐమాప్‌గా పెట్టుకున్నాడు. అలా పెట్టుకోవచ్చు, తప్పు లేదు. కానీ అప్పుడు యాప్ పావుగంటకోసారి పోస్టాఫీసుకి వెళ్లి ‘మాకేమన్నా ఉత్తరాలున్నాయా’ అని అడిగి వస్తుంది. ఆ సర్వీసు వాళ్ల సొంత యాప్ పెడితే పోస్టుమాను తలుపు దగ్గరికే వచ్చి బెల్లు కొడతాడు. ఐఫోన్లోనూ ఇదే కథ. ఆపిల్ వాళ్ల మెయిల్ యాప్‌లో జీమెయిల్ పెడితే బెల్లు ఉండదు, మధ్యమధ్యలో వెళ్లి తెచ్చుకోవడమే. జీమెయిల్ యాప్ పెడితే వెంటనే వస్తుంది. గూగులైతే జీమెయిల్ యాప్, మైక్రోసాఫ్టయితే అవుట్‌లుక్ యాప్, జోహో అయితే జోహో మెయిల్ యాప్. ఏ గుర్రానికి ఆ జీను.

ఆ మిగతా ఇద్దరి ఫోన్లలో బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు మెయిల్ యాప్‌ని నిద్రపుచ్చేసింది. పదీ పదిహేను వేల రూపాయల ఫోన్లలో ఇది మరీ ఎక్కువ. సెట్టింగుల్లో యాప్స్‌లోకి వెళ్లి, మెయిల్ యాప్ నొక్కి, బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ అని, ఆటోస్టార్ట్ అని ఉంటే అది ఆన్ అని పెట్టాలి. ఒక్కో ఫోన్‌కి రెండు నిమిషాల పని. ఇది చేయక ‘ఈ సర్వీసు బాలేదు’ అని కంపెనీలు మార్చినవాళ్లు నాకు తెలుసు. అందుకే మీ ఆఫీసులో అందరికన్నా చవక ఫోన్ ఎవరిదో చూసి పరీక్ష దానిమీద చేయండి. మీది ఖరీదైన ఫోనైతే అందులో అన్నీ బాగానే వస్తాయి, దాన్నిబట్టి తీర్పు ఇవ్వకండి.

కోల్డ్ స్టోరేజీలో ఇద్దరున్నారన్నారు. ఆ మందం గోడల లోపల సిగ్నల్ ఉండదని మీకు నేను చెప్పక్కర్లేదు. వాళ్లు లాట్ నంబర్లు, తేమ శాతం రాసి లోపలి నుంచే పంపు నొక్కినా మెయిల్ అవుట్‌బాక్సులో కూర్చుని, బయటికి రాగానే వెళ్తుంది. మూడు యాప్‌లూ ఇది చేస్తాయి. పాత మెయిల్ చూడాలంటేనే చిక్కు. ఆండ్రాయిడ్‌లో జీమెయిల్ యాప్ మామూలుగా 30 రోజుల మెయిళ్లనే ఫోన్లో దాస్తుంది. సెట్టింగుల్లో ఆ రోజుల సంఖ్య పెంచుకోవచ్చు. ఫిబ్రవరిలో పెట్టిన లాట్ ఆగస్టులో తీస్తారు కదా, ఆ ఇద్దరి ఫోన్లలో పెంచండి.

ఇప్పుడు మీ ముగ్గురు సలహాదారుల దగ్గరికి వద్దాం. ముందు లెక్క: 14 మందికి 14 డబ్బాలు, అంటే డబ్బు కట్టే మెయిల్‌బాక్సులు, అక్కర్లేదు. యార్డులో తేజా రకం మిర్చి ఎంత, 334 రకం ఎంత అని అరుపుల మధ్య నిలబడి కొనేవాళ్లు మెయిల్ రాస్తారా? వాళ్లది వాట్సాప్ బతుకు, అలాగే ఉండనివ్వండి. పార్టీలతో, బ్యాంకుతో, షిప్పింగ్ ఏజెంటుతో, ఆడిటరుతో రాసుకునేవాళ్లకి, లాట్ వివరాలు పంపే కోల్డ్ స్టోరేజీ ఇద్దరికి మాత్రమే డబ్బా ఇవ్వండి. మీ లెక్కలో ఎనిమిది, మహా అయితే తొమ్మిది తేలుతాయి. సేల్స్, అకౌంట్స్, డాక్యుమెంట్స్ అనే పేర్లతో ఐడీలు కావాలంటే వాటికి విడిగా డబ్బు కట్టకండి. గూగుల్లో గ్రూప్ అంటారు, మైక్రోసాఫ్ట్‌లో షేర్డ్ మెయిల్‌బాక్స్ అంటారు, జోహోలోనూ గ్రూపే. వచ్చింది ఇద్దరు ముగ్గురికి ఒకేసారి కనిపిస్తుంది, ఒకరు సెలవు పెట్టినా పని ఆగదు. అమ్మేవాళ్లు ఈ మాట వాళ్లంతట వాళ్లు చెప్పరు. మనిషికి నెలకి ఇంత అని చెప్పిన రేటుని పన్నెండుతో హెచ్చవేసి, మీద 18 శాతం జీఎస్‌టీ వేసి అప్పుడు పోల్చండి. మొదటి ఏడాది తగ్గింపు చూసి మురిసిపోకుండా రెండో ఏడాది రేటు అడగండి.

గూగుల్ తీసుకుంటే నేర్పే పని ఉండదు, మీవాళ్ల చేతికి జీమెయిల్ అలవాటే. కానీ మీరు చైనాకి సరుకు పంపుతారు, ఏడాదికి ఒకసారైనా మీరో మీ మనిషో అటు వెళ్తారు. అక్కడ 2014 నుంచి జీమెయిల్ తెరుచుకోదు. మన సిమ్ రోమింగ్‌లో ఉంటే నడుస్తుందిగానీ, గ్వాంగ్‌జౌ హోటల్ వైఫైలో కూర్చుని కాంట్రాక్టు తెరవబోతే చక్రం తిరుగుతూనే ఉంటుంది. మీ కొనుగోలుదారు మీకు పంపే మెయిల్ మాత్రం వస్తుంది, ఆ భయం లేదు. మీ ఆడిటరు గారు మైక్రోసాఫ్ట్ అనడానికి కారణం ఎక్సెల్. ఆఫీసులో అయిదుగురు రోజంతా ఎక్సెల్‌లో బతికేవాళ్లయితే ఆయన మాట సబబే. చవక ప్లాన్‌లో కంప్యూటర్లో పెట్టుకునే ఎక్సెల్ రాదు, బ్రౌజర్‌లోదీ ఫోన్‌లోదే వస్తుంది. ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోండి. బావమరిది చెప్పిన జోహోలో మెయిల్ ఒక్కటే కావాలనుకునేవాళ్లకి చిన్న ప్లాన్లుంటాయి. అయిదుగురి దాకా ఉచితం అనేదీ ఉంది, కానీ అందులో ఐమాప్ ఉండదు, వాళ్ల యాప్‌లోనో బ్రౌజర్‌లోనో చూసుకోవాల్సిందే. మీకది చాలదు.

నన్ను తేల్చమంటే, మీ పనికి జోహో డబ్బు కట్టే ప్లాన్, ఎక్సెల్ కోసం ఇప్పుడు కంప్యూటర్లలో ఉన్నదే కొనసాగించడం. బావమరిది మాట నెగ్గిందని ఇంట్లో గొడవైతే నాకు సంబంధం లేదు. ముందు పరీక్షకి తీసుకోండి: గూగుల్ 14 రోజులిస్తుంది, జోహో 15, మైక్రోసాఫ్ట్ ఒక నెల. మార్చేది యార్డు సెలవు ముందురోజు రాత్రి. మీ మెయిల్ ఏ సర్వీసుకి చేరాలో చెప్పే ఎంఎక్స్ అనే రికార్డు డొమైనులో మార్చిన తర్వాత ఒకట్రెండు రోజులు కొన్ని మెయిళ్లు పాతచోటే పడొచ్చు, పాతదాన్ని వెంటనే మూసేయకండి.

ఇంకొక్క మాట, మీ వ్యాపారంలో ఇది మెయిల్ సర్వీసుకన్నా ముఖ్యం. ఎగుమతి చేసేవాళ్లని ముంచే మోసం ఒకటుంది. మీ పేరుతో మీ కొనుగోలుదారుకి ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఈ కంటైనరు డబ్బు ఇందులో వేయండి’ అని మెయిల్ వెళ్తుంది. ఐడీ మీదే అనిపిస్తుంది. ఇంగ్లిషు ఎం అక్షరం చోట ఆర్, ఎన్ పక్కపక్కన పెడతారు. ఫోన్ తెరమీద, అంత చిన్న అక్షరాల్లో, కళ్లజోడు పెట్టుకున్నా తేడా తెలియదు. పైగా ఫోన్లో పంపినవారి పేరే పైకి కనిపిస్తుంది, ఐడీ చూడాలంటే పేరు మీద నొక్కాలి. ఆ నొక్కే అలవాటు అందరికీ చేయండి. ఖాతా మార్పు అంటే పాత నంబరుకి ఫోన్ చేసి గొంతు వినకుండా డబ్బు కదలకూడదని ఇప్పుడే మీ పార్టీలందరికీ రాసి పెట్టండి. మీ డొమైనులో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు రికార్డులు పెట్టించండి. అచ్చంగా మీ ఐడీ వేసి దొంగ మెయిల్ పంపితే అవి పట్టిస్తాయి, పోలిన డొమైను కొన్నవాణ్ణి మాత్రం పట్టించలేవు. ఎస్‌పీఎఫ్ ఒక డొమైనుకి ఒకటే ఉండాలి. పాతది ఉంచి కొత్తది కలిపితే రెండూ చెడతాయి, మీ మెయిళ్లు పార్టీల స్పామ్‌లో పడతాయి. పాస్‌వర్డు తర్వాత ఇంకో అంకె అడిగే రెండంచెల లాగిన్ అందరికీ తప్పనిసరి చేయండి. ఎస్ఎంఎస్ ఓటీపీ కాకుండా అథెంటికేటర్ యాప్ పెడితే సిగ్నల్ లేకపోయినా అంకెలు వస్తాయి. ఇంతా చేసి డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి అదే గంటలో ఫోన్ చేయాలి. మర్నాడు తీరిగ్గా చేస్తే ఆ డబ్బు ఎన్ని ఖాతాలు దాటిపోయి ఉంటుందో.

ప్రశ్న: భీమవరంలో రొయ్యల మేత డీలరుషిప్పు. అకౌంట్లు చూసే అబ్బాయి ఆఫీసు కోసమని ఒక జీమెయిల్ తెరిచి నాలుగేళ్లు నడిపాడు. పోయిన నెల మానేశాడు. పాస్‌వర్డు ఇచ్చాడుగానీ లాగిన్ అయితే అంకె అతని ఫోన్‌కి వెళ్తోంది. జీఎస్‌టీ ఓటీపీలు, నోటీసులు దానికే వస్తాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: అతనితో మాటలున్నాయా లేవా? ఉంటే ఈ ఆదివారం టీకి పిలవండి. అతని ముందే, అతని ఫోన్‌కి వచ్చిన అంకెతో లాగిన్ అయి, రికవరీ నంబరూ, లాగిన్ అంకె వచ్చే నంబరూ మీది పెట్టి, రికవరీ మెయిల్ మార్చి, పాస్‌వర్డు మార్చి, ‘మీ పరికరాలు’ అన్నచోట పాత ఫోన్లన్నిటినీ తీసేయండి. పది నిమిషాలు. మాటల్లేకపోతే కష్టమే. సొంత పేరుతో తెరిచిన జీమెయిల్‌ని ‘ఇది మా ఆఫీసుది’ అని గూగుల్‌ని అడిగి తెచ్చుకోవడం అయ్యేపని కాదు. అతని జీతం బాకీ ఏమన్నా ఉంటే ముందు అది తేల్చండి, మాటలు వాటంతటవే వస్తాయి.

ఏదైనా సరే జీఎస్‌టీ పోర్టల్లో మెయిలూ ఫోనూ మార్చే అమెండ్‌మెంట్ ఈ వారమే పెట్టించండి. నోటీసు ఎవరి ఇన్‌బాక్స్‌లో పడినా గడువు మీకే నడుస్తుంది. తర్వాత సొంత డొమైను మీద ఐడీ ఇవ్వండి. అప్పుడు మనిషి మానేసిన రోజు అడ్మిన్‌గా మీరే పాస్‌వర్డు మార్చేసి, ఆ డబ్బా కొత్త మనిషికి అప్పజెప్పొచ్చు.

ప్రశ్న: కరీంనగర్‌ల ఒక గ్రానైట్ కంపెనీల పనిచేస్తున్న. ఆఫీసు మెయిల్ నా సొంత ఫోన్ల పెట్టుకోమంటున్నరు. పెట్టంగనే ‘ఈ ఫోన్లోని డేటా మొత్తం చెరిపే అధికారం’ ఇయ్యమని అడిగింది. భయమేసి ఆపిన. నా పిల్లల ఫోటోలు కూడ పోతయా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఆపి మంచి పని చేశారమ్మా. చాలామంది ఆ తెర చదవకుండానే సరే నొక్కేస్తారు.

చాలా కంపెనీలు వాడే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్చేంజ్ మెయిల్‌ని ఫోన్‌తో వచ్చిన మెయిల్ యాప్‌లో పెడితే ఆ అధికారం అడుగుతుంది. ఒప్పుకుంటే అడ్మిన్ ఒక బటన్‌తో మొత్తం ఫోన్ చెరిపే వీలుంటుంది, మీ పిల్లల ఫోటోలతో సహా. ఫోన్ దొంగల పాలైతే కంపెనీ కాగితాలు బయటపడకూడదని పెట్టిన ఏర్పాటు అది. మీ మీద పగతో కాదు. కానీ పొరపాటున నొక్కినా పోయేవి మీవే.

మీవాళ్లని రెండు అడగండి. ‘అవుట్‌లుక్ యాప్‌లో పెట్టుకోవచ్చా?’ ఒప్పుకుంటే, వాళ్లు చెరిపినా ఆ యాప్‌లోని సరుకే పోతుంది. లేదా ‘వర్క్ ప్రొఫైల్ పెడతారా?’ ఇది ఆండ్రాయిడ్‌లో 2014లో వచ్చిన 5.0 వెర్షన్ నుంచీ ఉంది. ఫోన్లోనే గోడ కట్టి ఆఫీసుకి వేరే గది ఇచ్చినట్టు. ఆ గదిలోని యాప్‌ల మీద చిన్న సూట్‌కేసు గుర్తు ఉంటుంది. కంపెనీకి ఆ గది తాళమే ఉంటుంది, మీ ఫోటోల గది వాళ్లకి కనిపించదు. ఇంకో సుఖం కూడా ఉంది. సాయంత్రం ఏడింటికి ఆ గది స్విచ్ ఆపేయొచ్చు, మళ్లీ పొద్దున ఆన్ చేసేదాకా మెయిల్ మోగదు. ఈ రెండో సంగతి మీ మేనేజరుకి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

రెండూ కాదంటే ‘కంపెనీ ఫోన్ ఇవ్వండి’ అనండి. అడగడంలో తప్పు లేదు.

ప్రశ్న: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిళ్లన్నీ జోహోకి మారాయట కదా. మేం గూగుల్లో ఉన్నాం, మేమూ మారాలా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: అక్కర్లేదు. దాదాపు 12 లక్షల మంది కేంద్ర ఉద్యోగుల మెయిళ్లు జోహోకి చేరినట్టు 2025 అక్టోబరులో పేపర్లలో వచ్చింది. చెన్నై కంపెనీ, మనకీ ముచ్చటే. కానీ ప్రభుత్వం అవసరం వేరు, మీ అవసరం వేరు. మీకు గూగుల్లో ఇబ్బంది ఏమీ లేకపోతే కదలకండి. ఆ వార్తలో నాకు నచ్చింది ఇంకోటి. ఇల్లు మారినా వాళ్ల ఐడీ చివర గవ్ డాట్ ఇన్, ఎన్ఐసీ డాట్ ఇన్ అలాగే ఉన్నాయి. రాసేవాళ్లకి మారినట్టే తెలియలేదు. పైన గుంటూరు ఆయనకి డొమైను గురించి అంతసేపు చెప్పింది అందుకే.

ప్రశ్న: నా దగ్గర 2010లో కొన్న బ్లాక్‌బెర్రీ చెక్కుచెదరకుండా ఉంది. ఆ కీబోర్డు మీద టైపు చేసిన సుఖం ఈ ఫోన్లలో లేదు. ఆఫీసు మెయిల్ కోసం మళ్లీ వాడొచ్చా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ఆ సుఖం నాకూ తెలుసు. కారులో కూర్చుని బొటనవేళ్లతో కొట్టిన మెయిల్ తప్పు లేకుండా వెళ్లేది. మెయిల్ పడగానే వెలిగే ఆ ఎర్ర దీపం చూసి భోజనం మధ్యలో లేచిన రోజులున్నాయి. కానీ ఆ పాత ఫోన్లకి కంపెనీ తన సర్వీసులన్నీ 2022 జనవరి 4న ఆపేసింది. మెయిలే కాదు, ఫోన్ కాల్ కూడా నమ్మకంగా కలవదు.

దాచుకోండి, పారేయకండి. బ్యాటరీ మాత్రం తీసి పక్కన పెట్టండి, లోపలే వదిలేస్తే ఉబ్బుతుంది.